వంతు గంటె

1. దుమ్ముకాలం, మొదటి వారం

డాక్టర్ సారయ్య ఈ పలకను నా చేతిలో పెట్టి, మొగిలికి మూర్ఛ వచ్చినప్పుడల్లా రాయమన్నాడు. ఎప్పుడొచ్చింది, ఏ పక్క నుంచి మొదలైంది, అంతకుముందు ఏం తిన్నది, ఒళ్ళు వేడిగా ఉందా, అన్నీ రాయాలట. రాస్తే ఏమవుతుందని అడిగాను. తెలుస్తుంది అన్నాడు. తెలిస్తే ఏమవుతుందని అడగలేదు. డాక్టర్లకు రెండో ప్రశ్న నచ్చదు.

సరే, రాస్తున్నాను. నా పేరు కొంరవ్వ. కొత్తబాయి గనిలో గాలి జల్లెళ్ళు దులపడం నా పని. పైన అంగారకుడి నేల మీద దుమ్ము లేచిందంటే కింద సొరంగాల్లో నాకు ఊపిరి సలపదు. నా భర్త దక్షిణపు బాయిలో బండలు తొలుస్తాడు, దుమ్ము అణిగేదాకా ఇటు రాలేడు. ఇంట్లో నేను, మా అత్త పోశవ్వ, నా బిడ్డ మొగిలి. మొగిలికి భూమి మీది పాత లెక్కలో రెండున్నరేళ్ళు.

ఇవాళ మూర్ఛ స్నానంలో వచ్చింది. బండ లోపలి వేడి పుణ్యమా అని ఇక్కడ కరువు లేనిది వేడినీళ్ళకే. అత్త దాన్ని పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళు ఎర్రబడేదాకా పోసింది. ముందు ఎడమ చెయ్యి ఎగిరిపడింది, తర్వాత ఒళ్ళంతా. ఇక్కడ చెంబు చేజారినా నెమ్మదిగా పడుతుంది, నీళ్ళు కూడా తొందర లేకుండా నేలకు దిగుతాయి. ఇంత నెమ్మదైన చోట నా బిడ్డ ఒళ్ళు మాత్రమే అంత వేగంగా కొట్టుకుంటుంటే, నాకు ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది.

మూర్ఛ ఆగి అది సొమ్మసిల్లగానే సొరంగంలో వాళ్ళంతా గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఇది మా ఆచారం. ప్రతి షిఫ్టుకు ముందు అందరం పొత్తుగంజు అనే పెద్ద ఉమ్మడి కుండ దగ్గర జొన్న అంబలి తాగుతాం. ఆ అంబలిలో మూర్ఛ మందు కలిపి ఉంటుంది. రోగం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒక్కలాగే తాగాలి. ఎవరైనా మూర్ఛ వచ్చి పడిపోతే తక్కినవాళ్ళు తమ గ్లాసులోంచి ఒక్కో గంటెడు తీసి వాళ్ళకు పోస్తారు. దాన్ని వంతు గంటె అంటాం. మొగిలి కళ్ళు తెరిచేసరికి దాని గ్లాసు నిండి ఉంది. మా చెల్లెలు సరూప కూడా చంకలో కొడుకుతో పక్క సొరంగం నుంచి వచ్చి, తన వంతు పోసి, మొగిలి పాదాలు ముద్దు పెట్టుకుని వెళ్ళింది.

2. అదే వారం

అత్త ఇవాళ మొగిలి జుట్టు దువ్వుతూ మళ్ళీ తన కథే చెప్పింది. వినేది రెండున్నరేళ్ళ పిల్ల, అదీ మందు మత్తులో జోగుతున్న పిల్ల. అయినా అత్తకు చెప్పాలి.

మా తాతలు గోదావరి ఒడ్డున బొగ్గు తవ్వినవాళ్ళు. పైకప్పు కూలకుండా సొరంగం తవ్వడం వచ్చు కాబట్టి ఇక్కడికి పట్టుకొచ్చారు. వచ్చినవి గుప్పెడు కుటుంబాలు. వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మూడో తరానికి వచ్చేసరికి ఇంటికొకరు మూర్ఛతో పడిపోవడం మొదలైంది. మా మామ గాలి పంపు దగ్గర పనిచేసేవాడు. మర తిప్పుతుండగా ఆయనకు మూర్ఛ వచ్చింది. మూడో సొరంగానికి గాలి ఆగిపోయింది. అందులో ఉన్నవాళ్ళెవరూ బయటికి రాలేదు.

ఆ తర్వాత మూర్ఛ ఉన్న ఇళ్ళకు గుర్తులు పెట్టారు. అత్తను పంపోని పెండ్లాం అన్నారు. ఆమె ఎదురొస్తే మూతికి కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఆమె కొడుకును, ఇప్పుడు నా మొగుడైన పిల్లాణ్ని, బడిలో గోడ వైపు తిప్పి కూర్చోబెట్టారు. కొన్నేళ్ళు అలా గడిచాక అప్పటి పెద్దలకు బుద్ధొచ్చింది. రోగం ఎవరిదో ఎవరికీ తెలియకూడదు, మందు అందరూ తాగాలి, ఎవరి నెత్తురూ పేరు పెట్టి పరీక్షించి చదవకూడదు అని కట్టడి చేశారు. మొదటి రోజు గంజు ముందు నిలబెట్టి గంటెను అత్త చేతికే ఇచ్చారు. అప్పటి నుంచి మందు కలిపేదీ పోసేదీ ఆమే.

"ఆ గంటె చేతికొచ్చిననాడే నేను మళ్ళ మనిషినైన బిడ్డా," అంటుంది అత్త.

నేను దేన్నైనా వెక్కిరిస్తాను. దీన్ని మాత్రం వెక్కిరించలేను. నేను కూడా పుట్టి ఏడాది నిండిన రోజు గంజు ముట్టి, మొదటి గంటె తాగినదాన్నే.

డాక్టర్ అడిగాడు కాబట్టి ఇంకొకటి రాయాలి. మొగిలికి మొదటి మూర్ఛ ఆరో నెలలో టీకా వేసిన రోజు జ్వరంతో వచ్చింది. ఏడాది నిండేదాకా జ్వరం వస్తేనే వచ్చేది. గంజు ముట్టించిన తర్వాత ఏ కారణమూ లేకుండా రావడం మొదలైంది. రోగం పిల్లతోపాటు పెరుగుతుంది అన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

3. దుమ్ముకాలం నడుమ

ఇది జల్లెళ్ళ గదిలోంచి రాస్తున్నాను. నాలుగు రోజుల కింద అత్తకు నడుం పట్టేసిందని మొగిలిని నాతో పనికి తెచ్చుకున్నాను. మేం లోపల ఉండగానే పైన గాలి విరుచుకుపడి, ఇనుప తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయి. దుమ్ము తగ్గితే తప్ప తెరుచుకోవు. అరలో ఎండు రొట్టెలు, నీళ్ళు ఉన్నాయి. అంబలి లేదు. మందు లేదని తెలిసి మొదట తలుపు మీద గుద్దాను. తలుపు అవతల రాజేశం మేస్త్రీ, ఇవతల నేను, గోడలోని గొట్టంలోంచి మాట్లాడుకున్నాం. ఎట్లనన్న ఓర్చుకో బిడ్డా అన్నాడు.

మొదటి రోజు గట్టిగా వచ్చింది. ఇక ఇక్కడే పోతుందనుకుని దాన్ని ఒళ్ళో వేసుకుని ఏడ్చాను. రెండో రోజు చిన్నగా వచ్చి ఆగిపోయింది. తర్వాత రాలేదు. ఇవాళ కూడా రాలేదు. పొద్దున లేచి నా జల్లెడ బ్రష్షు పట్టుకుని గది అంతా తిరిగింది. గోడకు ఆనుకోకుండా తిరిగింది. గాలి మర మోతకు తల ఊపుతూ నా వైపు చూసి "అమ్మ, గాలి" అంది. గంజు ముట్టినప్పటి నుంచి అది కొత్త మాట నేర్చింది లేదు. ఈ ముక్క రాస్తుంటే కూడా నాకు నవ్వాగడం లేదు. గాలట! దులిపి దులిపి నా రెక్కలు విరిగేది దేనికోసమో దానికి తెలిసిపోయింది.

4. తలుపులు తెరిచిన రోజు

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

తలుపులు తెరవగానే సొరంగం అంతా ఎదురొచ్చింది. అన్ని రోజులు మందు లేకుండా పిల్ల ఎలా బతికిందో అని ఆడవాళ్ళు ఏడ్చారు. మేం లోపల ఉన్నన్నాళ్ళు ఒక్కొక్కరూ రోజూ తమ గ్లాసులోంచి ఒక గంటెడు తీసి మొగిలి కోసం దాచారట. అంతా చిక్కగా కాచి తెచ్చారు. అత్త ఆనందం పట్టలేక పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొంచెం కొంచెంగా అంతా తాగించింది. నేనే పక్కన కూర్చుని దాని మూతి తుడిచాను.

ఆ సాయంత్రం మూర్ఛ మొదలై ఆగలేదు. ఒకటి తగ్గకముందే ఇంకొకటి. పెదాలు నల్లబడ్డాయి. సారయ్య పరుగున వచ్చి సూది వేశాడు. రెండో సూదికి ఆగింది. అది పడుకుని ఉండగానే బయట మళ్ళీ గ్లాసుల చప్పుడు వినిపించింది. వంతు గంటె పోయడానికి వచ్చారు. ఇంత మంచి మనుషులను నేను ఎక్కడా చూడలేదు, చూడబోను. ఆ గ్లాసుల చప్పుడు వింటుంటే నాకు ఒళ్ళంతా చెమట పట్టింది.

లేచాక గాలి అని చెప్పమన్నాను. నా ముఖం కూడా గుర్తుపట్టనట్టు చూసింది.

5. మరుసటి రోజు

సారయ్య గదికి వెళ్ళి పలక ముందు పెట్టాను. గంజు ముట్టకముందు ఎలా ఉంది, ముట్టాక ఎలా ఉంది, జల్లెళ్ళ గదిలో ఎలా ఉంది, చదువుకో అన్నాను. చదవక్కర్లేదు అన్నాడు. అతనికి ముందే అనుమానం ఉంది. అనుమానం ఉండి నోరు మూసుకున్నందుకు ఆ పలకతోనే నెత్తిన ఒకటి వేద్దామనిపించింది.

తర్వాత అతను చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. నరాల గోడల్లో కంటికి కనపడనంత సన్నటి తలుపులు ఉంటాయట. అవి తెరుచుకుంటే సోడియం లోపలికి దూకుతుంది, నరం పలుకుతుంది. వెంటనే తలుపు మూసుకోవాలి. కొత్తబాయి కుటుంబాల్లో తరతరాలుగా దిగుతున్న లోపం ఏమిటంటే, ఒక రకం తలుపు సరిగ్గా మూసుకోదు. నరం ఆపకుండా పలుకుతూనే ఉంటుంది. దాన్నే మూర్ఛగా చూస్తున్నాం. గంజులో కలిపే కార్బమాజెపైన్ ఆ తలుపును మూసి పట్టుకుంటుంది. కాబట్టి అది వాళ్ళకు మంచి మందే. పంపు దగ్గర మళ్ళీ ఎవరూ పడిపోలేదంటే దాని చలవే.

కానీ తలుపుల్లో రకాలున్నాయి, నరాల్లోనూ రకాలున్నాయి. కొన్ని నరాలు ఉసిగొల్పేవి, కొన్ని ఆపేవి. ఆపే నరాలు ముఖ్యంగా ఇంకో రకం తలుపు మీద ఆధారపడతాయి. మొగిలికి ఆ తలుపులు సగమే పనిచేస్తున్నాయని సారయ్య లెక్క. ఆపే నరాలు ముందే బలహీనంగా ఉన్నాయి. మేం గంటెలు గంటెలు మందు పోసి, ఉన్న సగం తలుపులు కూడా మూయిస్తున్నాం.

"రెండూ సోడియం తలుపుల రోగమే కద సారూ, మందు ఒకటే కావాలె గద," అన్నాను.

"పేరే ఒకటి అక్కా. వాళ్ళకు తలుపు మూసుకోదు. నీ బిడ్డకు తెరుసుకోదు. మూసే మందు ఇద్దరికీ ఎట్ల పనికొస్తది?"

మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు జ్వరంతో మూర్ఛ వచ్చేదా అని అడిగాడు. నాకే వచ్చేది. మా నాయనకు కూడా వచ్చేదని మా అమ్మ అనేది. ఐదారేళ్ళకు దానంతటదే పోయింది. ఒకే లోపం ఒకే ఇంట్లో ఒకరిని గిల్లి వదిలేస్తుందట, ఇంకొకరిని నమిలేస్తుందట. అంటే నా నెత్తురులోంచే దిగింది. అలా చెబుతున్నప్పుడు సారయ్య నా ముఖం వైపు చూడలేదు. చూసినా నేను ఏడ్చేదాన్ని కాదు, అప్పటికి నాకు కోపం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఊరంతా కూర్చునే కూటంలో చెప్పమన్నాను. చెప్పను అన్నాడు. ఇతనికి ముందున్న డాక్టర్ ఒక పిల్లవాడి నెత్తురు పేరు పెట్టి చదువుతానని కూటాన్ని అడిగాడట. గుర్తులు పెట్టే రోజులు మళ్ళీ తెస్తావా అని అతన్ని పైన దుమ్ములో పనికి పంపారు. ఇతనికి దుమ్ము పడదు. తలుపుల జోలికి పోకుండా ఆపే నరాలకు బలమిచ్చే మందు ఒకటి ఉందని, క్లోబజామ్ అంటారని, మందులు చేసే తన చిన్న తొట్టెలో కొంచెం తయారు చేసి ఇస్తానని చెప్పాడు. గంజు మందును కొద్దికొద్దిగా తగ్గించి మానేయించాలన్నాడు. ఎలా మానేయించాలో మాత్రం నన్నే చూసుకోమన్నాడు. గంజు దగ్గర గంటె పట్టుకుని నిలబడేది మా అత్త.

6. రెండు రోజుల తర్వాత

అత్తకు చెప్పాను. తలుపులూ నరాలూ ఏమీ చెప్పలేదు. మనం పోసే మందే దాన్ని పడగొడుతోంది అన్నాను. ఆమె చాలాసేపు గంటె కడుగుతూ ఉండిపోయింది. తర్వాత ఆ నీళ్ళు పారబోసి, "నా చేతులతోనే పోసిన గదే," అంది. అంతే. అన్నం తినలేదు. నన్ను కూటం ముందు నిలబెడుతుందేమో అనుకున్నాను. నిలబెట్టినా తప్పనలేను, ఆమెకు మనిషితనం తిరిగి ఇచ్చింది ఆ గంజే.

ఇవాళ పొద్దున షిఫ్టుకు ముందు, అంబలి కాగాక, సీసాలోంచి మందు పోయకముందే ఒక గ్లాసెడు ముంచి మూత వెనక పెట్టింది. అందరూ వచ్చాక ఆ గ్లాసులో మందు కలిసిన అంబలి కాస్త కలిపి మొగిలి చేతికి ఇచ్చింది. రోజు రోజుకూ ఆ కాస్త తగ్గిస్తుంది కాబోలు. నా వైపు కనీసం చూడలేదు.

7. దుమ్ము తగ్గాక

చాలా రోజులుగా ఏమీ రాయలేదు, ఎందుకంటే రాయడానికి మూర్ఛలు లేవు. ఒకసారి జలుబు జ్వరం చేసినప్పుడు చిన్నగా వచ్చిపోయింది. సారయ్య ఇచ్చే క్లోబజామ్ ఇంట్లో వేస్తున్నాను, వేడినీళ్ళు మాన్పించాం. ఇప్పుడు మొగిలి మెట్లు ఎక్కుతోంది. దిగమంటే దిగదు. గాలి అంటుంది, గంటె అంటుంది, సరూప కొడుకు ఓదెలును ఓది అని పిలిచి చెంప మీద కొడుతుంది. మా ఆయన దక్షిణపు బాయి నుంచి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళాడు. అది మెడ మీద ఎక్కి జుట్టు పీకుతుంటే ఆ మనిషి నోరు తెరుచుకుని నవ్వాడు. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఎందుకు నయమైందో ఆయనకు చెప్పలేదు. ఆయన కడుపులో మాట దాచుకునే రకం కాదు.

సొరంగం అంతా పండగ చేసుకుంటోంది. మా వంతు గంటెలే పిల్లను లేపాయి అంటున్నారు. రాజేశం మేస్త్రీ గంజు దగ్గర మొగిలిని ఎత్తి అందరికీ చూపించాడు. ఆయన కూటానికి పెద్ద, మా సరూపకు మామ. తిట్టడం చేతకాని మనిషి. "పది మంది చెయ్యేస్తే పిల్ల బతికింది, సూడున్రి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. గోడకు తల బాదుకోవాలనిపించింది. కానీ పిల్ల ఆయన చేతుల్లో కిలకిల నవ్వుతోంది, ఆ నవ్వు నాకు చాలు అనుకున్నాను. ఆ రోజు నేను అనుకున్నది అంతే.

8. చలికాలం మొదట్లో

సరూప ఏడుస్తూ వచ్చింది. టీకా వేసిన రోజు ఓదెలుకు జ్వరం వచ్చి మూర్ఛ వచ్చిందట. ఎడమ పక్క మొదలైందట. ఇది రెండోసారి. ఇంకో నెలలో ఏడాది నిండుతుంది, గంజు ముట్టిస్తే మొగిలి లాగే వాడికీ తగ్గిపోతుందని తనకు తానే ధైర్యం చెప్పుకుంటోంది. మా నాయన నెత్తురు నాలోకి దిగినట్టే దానిలోకీ దిగింది. నేను చెప్పకుండా ఎలా ఉంటాను? నా వెనకే కొంగు పట్టుకుని తిరిగిన చెల్లె అది.

అంతా చెప్పాను. మొగిలికి మూత వెనక గ్లాసు సంగతి కూడా చెప్పాను. అత్తను బతిమాలి ఓదెలుకు కూడా అలాగే చేయిస్తాను, సారయ్య ఇంకొంచెం మందు చేస్తాడు, ఎవరికీ చెప్పకు అన్నాను. సరూప నా చేతులు పట్టుకుంది. తర్వాత అంది:

"దాసుకొని ఎన్నేండ్లు బతుకుతం అక్కా? మా మామ మంచోడు. చెప్తే ఇంటడు. మన పిల్లలే గాదు, ఇంకెవరి పిల్లలున్నరో."

వద్దన్నాను. బతిమాలాను. తిట్టాను. అది విన్నట్టే తలూపి వెళ్ళింది. చిన్నప్పటి నుంచి దాని తల అలాగే ఊగుతుంది, పని మాత్రం తను అనుకున్నదే చేస్తుంది.

9. కూటం

సరూప వాళ్ళ మామకు చెప్పింది. ఆయన కోప్పడలేదు. కూటం పెట్టాడు.

గంజు చుట్టూ అందరం కూర్చున్నాం. మొగిలి నా ఒళ్ళో నా చెవి లాగుతూ ఏదో పాడుతోంది. సరూప లేచి, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. ఈ మందు కొందరి పిల్లలకు సరిపడదని, మా అక్క బిడ్డ మందు తాగడం మానేసే బాగుపడిందని, తన కొడుక్కి గంజు ముట్టించవద్దని. అందరూ మొగిలి వైపు చూశారు. కొందరు ఆడవాళ్ళ ముఖాలు పాలిపోయాయి. వాళ్ళు ఆకలిని పక్కన పెట్టి పోసిన గంటెలు అవి.

మేస్త్రీ నెమ్మదిగా మాట్లాడాడు. ఒక పిల్లకు వద్దంటే రేపు ఇంకొకరు వద్దంటారు, ఎవరికి కావాలో ఎవరికి వద్దో తేల్చాలంటే నెత్తుర్లు చదవాలి, చదివితే ఇళ్ళకు గుర్తులు పడతాయి, పోశవ్వకు జరిగింది మనం మరిచిపోలేదు అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తోంది. ఆఖరున, పిల్ల నిజంగా తాగడం లేదంటే ఈ పూట నుంచి అందరి ముందు తాగుతుంది, ఇది శిక్ష కాదు, మన పిల్ల మనతో ఉండాలని అన్నాడు. మందు కలిసిన అంబలి గ్లాసు ఒకటి ముంచి పక్కన పెట్టించాడు కూడా.

ముందు సారయ్యను అడిగారు. అతను నేల చూస్తూ, పిల్ల ఆరోగ్యంగా ఉంది, అంతవరకే నాకు తెలుసు అన్నాడు.

తర్వాత అత్తను అడిగారు. ఆమె గంటెను రెండు చేతులతో పట్టుకుని లేచింది.

"మందు కలిపినంకనే పోస్తున్న. నా చేతితోనే పోస్తున్న. ఈ గంటె మీద ఒట్టు," అంది.

ఆ గంటె మీద ఆమె ఎప్పుడూ ఒట్టు వేసి ఎరగదు. సరూప నోరు తెరిచి ఆమెను చూసి, నా వైపు తిరిగింది. నేను నిజం చెబుతానని దానికి అనుమానం కూడా లేదు. మేస్త్రీ నన్ను అడిగాడు. పక్కనే గ్లాసు ఉంది. మొగిలి ఆ గ్లాసు కోసం చెయ్యి చాచింది, దానికి దాహంగా ఉంది.

"తాగుతది మామా. అందరి లెక్కనే తాగుతది," అన్నాను.

మేస్త్రీ హాయిగా ఊపిరి పీల్చుకుని గ్లాసులోది మళ్ళీ గంజులో పోశాడు. నా గుండె ఎంత తేలికైందో రాయడానికి సిగ్గుగా ఉంది. చెల్లెను ముంచేసిన ఆ నిమిషంలో నాకు కలిగింది సంతోషమే. దుఃఖం ఇంటికి వచ్చాక గానీ రాలేదు.

బయట సారయ్య నా పక్కన నడుస్తూ, ఇద్దరిలో ఒక్కరినన్నా కాపాడుకున్నాం అక్కా అన్నాడు. దుమ్ము పడని మనిషి కదా, ఊపిరి బాగానే ఆడుతోంది. మళ్ళీ నాతో ఆ మాట అనకు అన్నాను.

10. ఆ మరుసటి రోజు

సరూప వచ్చి గుమ్మంలోనే నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మరి నాకెందుకట్ల చెప్పినవక్కా?" అంది.

ఇప్పుడు నిజం చెప్పవచ్చు. కానీ ఇది మళ్ళీ తలూపి మామ దగ్గరికే వెళుతుంది. అది అబద్ధాన్ని కడుపులో ఒక్క పూట కూడా ఉంచుకోలేదు. నిద్ర లేక, పిల్ల పోతుందేమోనన్న భయంతో మతి చెడి ఏదేదో అనుకున్నానని, అప్పుడు నా మాటలు నాకే తెలియలేదని చెప్పాను. సరూప దగ్గరికి వచ్చి నా తల నిమిరింది. పాపం, ఎంత అవస్థ పడ్డావో అంది. నా చెల్లె నన్ను నమ్మింది. నేను చెప్పిన నిజాన్ని నమ్మినంత గట్టిగానే అబద్ధాన్నీ నమ్మింది.

అది వెళ్ళాక అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

11. చలికాలం నడుమ

ఓదెలుకు గంజు ముట్టించారు. అత్తే ముట్టించింది. వాడికి మూత వెనక గ్లాసు పెట్టే వీలు లేదు. కూటం తర్వాత మందు కలిపేటప్పుడు ఇద్దరు పెద్దలు పక్కన నిలబడుతున్నారు. ఆమె మీద అనుమానంతో కాదట, ఆ ఒట్టు వేయాల్సి వచ్చినందుకు గౌరవంగా అట. మొగిలికి ఇప్పుడు ఇంట్లోనే మందు లేని అంబలి తాగించి తీసుకెళుతున్నాం, తన వంతు పొద్దున్నే తాగేసింది, కడుపు నిండిందని చెబుతున్నాం. ఎన్నాళ్ళు సాగుతుందో తెలియదు.

ఈ పలకలో మొగిలి గురించి రాయడానికి ఏమీ లేదు. ఓదెలు గురించి రాస్తున్నాను, ఎవరూ అడగకపోయినా. గంజు ముట్టిన వారంలోనే జ్వరం లేకుండా వచ్చింది. తర్వాత రోజూ వస్తోంది. ఓది అని పిలిస్తే ఇంతకుముందు తిరిగి చూసేవాడు. ఇప్పుడు చూడటం లేదు. మొగిలి వాడి చెంప మీద కొట్టి, వాడు ఏడవకపోతే విసుగొచ్చి నా దగ్గరికి వచ్చేస్తోంది. సారయ్యను అడిగాను, మందు ఏదన్నా చెయ్యమని. గంజు మందు ఆపకుండా పైనుంచి క్లోబజామ్ ఇస్తే పెద్దగా ఫలం ఉండదన్నాడు. అయినా ఇస్తానన్నాడు. ఇస్తున్నాడు. పెద్దగా ఫలం లేదు.

ఇవాళ షిఫ్టుకు ముందు, గంజు దగ్గరే, సరూప చేతుల్లో వాడు బిగుసుకుపోయాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. ఆగింది. సొమ్మసిల్లిన వాడు కాసేపటికి కళ్ళు తెరిచాడు. ఇక వరసగా గ్లాసులు వంగాయి. మేస్త్రీ పోశాడు. మూడో సొరంగంలో కొడుకును పోగొట్టుకున్న ముసలాయన పోశాడు. నేను వెనక్కి జరిగాను, జల్లెళ్ళ గదికి వేళయింది అన్నట్టు. సరూప గ్లాసు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. చిక్కిపోయింది. కళ్ళ కింద నల్లబడింది.

"నువ్వు పొయ్యలేదు అక్కా. నీ చెయ్యి మంచిది, నీ బిడ్డను లేపిన చెయ్యి. నువ్వు ఒక్క గంటె పోస్తే వీడు గూడ లేస్తడు," అంది.

అందరూ చూస్తున్నారు. మొగిలి నా కాళ్ళకు చుట్టుకుని గంటె, గంటె అని గెంతుతోంది. అత్త తల వంచుకుని గంటెను నాకు అందించింది. నా గ్లాసులోంచి ఒక గంటెడు తీసి ఓదెలు గ్లాసులో పోశాను. సరూప దాన్ని వాడి నోటికి పెట్టింది. ఆకలి మీద ఉన్నట్టున్నాడు, మొత్తం తాగాడు.